చైనాతో తూకం: గోదావరి డెల్టా గట్టు మీద నుంచి చూస్తే

2025 ఆగస్టు 27న భారత్ నుంచి వచ్చే సరుకుల్లో చాలావాటి మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. నాలుగు రోజులు తిరక్కుండానే, ఆగస్టు 31న, ప్రధాని నరేంద్ర మోదీ చైనాలోని తియాన్‌జిన్‌లో షీ జిన్‌పింగ్‌తో చర్చలకు కూర్చున్నారు. ఏడేళ్ల తరవాత ఆయన చైనా వెళ్లడం అదే మొదటిసారి. భీమవరం, ఉండి, ఆకివీడు, అమలాపురం వైపు రొయ్యల చెరువుల మీద బతికేవాళ్ల ముందు ఆ వారం రెండు ప్రశ్నలు నిలబడ్డాయి. అమెరికా కొనకపోతే సరుకు ఎవరికి అమ్మాలి? గల్వాన్‌లో మన సైనికుల ప్రాణాలు తీసిన దేశంతో ఇప్పుడీ చర్చలు ఏమిటి?

ఈ రెండూ వేరువేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి కానీ, ఒకదాని జవాబు ఇంకోదానిలో ఉంది.

క్లుప్తంగా చెప్పాలంటే: చైనా పట్ల భారత్ విధానం స్నేహానికీ శత్రుత్వానికీ మధ్య ఊగుతున్నట్టు పైకి కనిపిస్తుంది. లోపల నడుస్తున్న లెక్క వేరు. ఎవరు ఏ సరుకు ఆపితే ఎవరికి ఎంత నొప్పి అన్నదే ఆ లెక్క. సరిహద్దులో సైన్యం, ఎరువుల బస్తా, రొయ్యల కంటైనర్, బ్రహ్మపుత్ర నీటి మట్టం వివరాలు అన్నీ అందులోకే వస్తాయి. ఆ లెక్కలో భారత్ బలం ఎక్కడ తక్కువో డెల్టా నుంచి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

చెరువు దగ్గర కలిసే దేశాలు

గోదావరి జిల్లాల్లో ఇవాళ పెంచే రొయ్యలో ఎక్కువ భాగం వనామి. అది మన తీరానికి చెందిన జాతి కాదు, లాటిన్ అమెరికా పసిఫిక్ తీరానిది. 1990లలో వైట్ స్పాట్ తెగులు టైగర్ రొయ్యను ఊడ్చేశాక చెరువులు చాలా ఏళ్లు కోలుకోలేదు. 2009లో వనామికి అనుమతి వచ్చాకే సాగు మళ్లీ పుంజుకుంది. దీని తల్లి రొయ్యలు ప్రధానంగా హవాయి, ఫ్లోరిడా నుంచి విమానంలో వస్తాయి. చెన్నైలో క్వారంటైన్ చేసి, పరీక్షలు అయ్యాక హేచరీలకు (రొయ్య పిల్లల్ని పుట్టించే కేంద్రాలకు) ఇస్తారు. అక్కడ పుట్టిన సీడే డెల్టా చెరువుల్లో పడుతుంది. విత్తనం దగ్గరే అమెరికాతో ముడి పడిందన్నమాట.

అమ్మకం దగ్గర రెండో ముడి. 2023-24లో దేశం నుంచి ఎగుమతైన ఫ్రోజెన్ రొయ్య సుమారు 7.16 లక్షల టన్నులు. అందులో 2.97 లక్షల టన్నులు అమెరికాకు, 1.48 లక్షల టన్నులు చైనాకు వెళ్లాయి. రెండూ కలిపితే 62 శాతం. ఒకదానితో ఒకటి పడని రెండు పెద్ద దేశాలే మన రొయ్యకు పెద్ద బేరగాళ్లు. దేశంలో చెరువుల్లో పండే రొయ్యలో మూడింట రెండు వంతులకు పైగా ఆంధ్రప్రదేశ్‌దే కాబట్టి ఆ 62 శాతంలో గోదావరి జిల్లాల వాటా చిన్నది కాదు.

ఒకరు మానేస్తే ఇంకొకరికి అమ్ముకోవచ్చు కదా అనిపిస్తుంది. అంత తేలిక కాదు. అమెరికా ఎక్కువగా తల తీసి, పొట్టు ఒలిచి, నరం లాగి శుభ్రం చేసిన సరుకు కొంటుంది. చైనా కొనేదాంట్లో తలతోనో, పొట్టుతోనో గడ్డకట్టించిన పచ్చి సరుకే ఎక్కువ. సరుకు మారితే ధర మారుతుంది, ప్లాంటులో పని కూడా మారుతుంది. రొయ్య ఒలిచే షెడ్డుల్లో పనిచేసేది ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు. అమెరికా ఆర్డరు తగ్గి చైనా ఆర్డరు పెరిగితే ఎగుమతి టన్నుల లెక్క పెద్దగా మారకపోవచ్చు. వాళ్ల పనిదినాలు మాత్రం తగ్గుతాయి. సుంకాల మీద జరిగే చర్చలో ఈ సంగతి దాదాపు ఎక్కడా వినపడదు. వినపడాలి, ఎందుకంటే అందరికన్నా ముందు దెబ్బ తగిలేది అక్కడే.

ఇక ఈక్వెడార్. ప్రపంచంలో రొయ్య ఎగుమతుల్లో ఇప్పుడు మొదటి స్థానం దానిదే, దాని సరుకులో పెద్ద వాటా చైనాకే వెళ్తుంది. ఆ రెండు దేశాల మధ్య స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2024 మే 1న అమల్లోకి వచ్చింది. అమెరికాకు అది మనకన్నా చాలా దగ్గర, 2025లో దాని మీద పడిన సుంకం కూడా మన మీద పడినదానికన్నా చాలా తక్కువ. భారత రొయ్య మీద పాత యాంటీ డంపింగ్ (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (సబ్సిడీకి విరుగుడుగా వేసేది) సుంకాలు కలుపుకుంటే మొత్తం భారం 58 శాతం దాకా పోయింది. అమెరికాలో చోటు పోగొట్టుకుని చైనా వైపు తిరిగితే, అక్కడ ఈక్వెడార్ అప్పటికే పీట వేసుకుని కూర్చుని ఉంది.

గల్వాన్ తరవాత కూడా ఆగని బియ్యం

2020 జూన్ 15న గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు ఒకరు. తెలుగునాట ఆ రోజు కలిగిన దుఃఖం ఇంకా మాసిపోలేదు. రెండు వారాల్లోనే టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను కేంద్రం నిషేధించింది. సరిహద్దు పంచుకునే దేశాల నుంచి వచ్చే పెట్టుబడులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ అదే ఏడాది ఏప్రిల్‌లోనే నిబంధన వచ్చింది. నేరుగా నడిచే విమానాలు ఐదేళ్లకు పైగా ఆగిపోయాయి.

అదే 2020 డిసెంబరులో చైనా కొన్ని దశాబ్దాల తరవాత మొదటిసారి భారత్ నుంచి బియ్యం కొనడం మొదలుపెట్టింది. ఎక్కువగా నూకలు. వాళ్లకు ఇతర దేశాల నుంచి సరఫరా తగ్గింది, మన ధర తక్కువ. 2021-22 నాటికి మన నూకలకు పెద్ద బేరగాడు చైనాయే. దీన్ని చూసి విధానంలో నిజాయతీ లేదని అనడం సులువు. నిజానికి రెండు ప్రభుత్వాలూ చేసింది ఒకటే: తమకు నొప్పి తక్కువగా ఉన్న చోట తలుపు మూసి, నొప్పి ఎక్కువయ్యే చోట తెరిచి ఉంచడం. యాప్ ఆగితే భారత్‌లో ఎవరి వంటగదీ ఆగదు. మందుల ముడిసరుకు ఆగితే ఆసుపత్రి ఆగుతుంది. అందుకే దాని జోలికి ఎవరూ పోలేదు.

చైనా కూడా ఇదే పద్ధతిలో నడిచింది. కరోనా కాలంలో ప్యాకింగ్ మీద వైరస్ జాడలు ఉన్నాయంటూ చైనా కస్టమ్స్ అనేక భారత సీఫుడ్ సంస్థల సరుకు ఆపేసింది. ఇతర దేశాలకూ ఆ దెబ్బ తగిలింది కాబట్టి దాన్ని పూర్తిగా రాజకీయమని అనలేం. కానీ ఎగుమతిదారులకు ఒక పాఠం మిగిలింది: అక్కడ సుంకం పెంచకుండానే, ఒక పరీక్షతో, ఒక లైసెన్సుతో తలుపు వేసేయొచ్చు.

మేత అప్పు లెక్క

1990లో భారత్, చైనా ఆర్థిక వ్యవస్థలు దాదాపు ఒకే సైజులో ఉన్నాయి. డాలర్ల లెక్కలో మనది 32 వేల కోట్లు, వాళ్లది 36 వేల కోట్లు. ఇప్పుడు వాళ్లది 18 లక్షల కోట్ల డాలర్లు దాటింది, మనది 4 లక్షల కోట్లకు అటూ ఇటూ. 2024-25లో చైనా నుంచి మన దిగుమతులు 11,340 కోట్ల డాలర్లు, మన ఎగుమతులు 1,420 కోట్లు. లోటు 9,900 కోట్ల డాలర్లు.

అసలు సమస్య ఆ లోటు అంకె కన్నా దాని లోపల ఉన్న సరుకుల్లో ఉంది. డెల్టాలో ఏ ఆక్వా రైతుకైనా ఇది వెంటనే అర్థమవుతుంది. మేత అప్పు ఒకే డీలరు దగ్గర తెచ్చుకుని, సరుకు కూడా అతని మనిషికే ఇవ్వాల్సిన రైతుకు కౌంట్ ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి కట్టే ధర) మీద బేరమాడే వీలుండదు. అతనికి ఆ డీలరు మీద ఇష్టమా, కోపమా అన్నదానితో పని లేదు. పంట మధ్యలో మేత ఆగితే చెరువు పోతుంది, అంతే. చైనా నుంచి వచ్చేవి కూడా చాలావరకు మేత లాంటివే: ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు, యంత్రాలు, సోలార్ సెల్స్, మందుల ముడిపదార్థాలు, రసాయనాలు. అవి ఆగితే మన ఫ్యాక్టరీలు ఆగుతాయి. మనం వాళ్లకు అమ్మేవి ఇనుప ఖనిజం, రొయ్య, నూనెల లాంటివి. అవి ఆగితే వాళ్లు ఇంకో చోట కొనుక్కోగలరు. 2023-24లో చైనాకు మన మొత్తం ఎగుమతుల్లో సముద్ర ఉత్పత్తులే దాదాపు పన్నెండో వంతు. మనకు అది పెద్ద భాగం, చైనా భోజనం బల్ల మీద మాత్రం ఒక గిన్నె.

ఎరువుల సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టం. 2021 నుంచి చైనా తన రైతుల అవసరం పేరుతో యూరియా, ఫాస్ఫేట్ ఎరువుల ఎగుమతికి కళ్లెం వేస్తూ వచ్చింది. 2023-24లో అక్కడి నుంచి భారత్‌కు 22 లక్షల టన్నులకు పైగా డీఏపీ వచ్చింది. మరుసటి ఏడాది 8.5 లక్షల టన్నులు కూడా రాలేదు. సార్వా నాట్ల వేళకు డీఏపీ దొరకలేదంటే అందులో రవాణా లోపాలు, ముందుచూపు లేకపోవడం, నల్లబజారు అన్నీ ఉండవచ్చు. వాటి వెనక ఈ అంకె కూడా ఉంది. కాకినాడలో కాంప్లెక్స్ ఎరువుల కర్మాగారం ఉన్నా దానికి కావలసిన ఫాస్ఫేట్ ముడిసరుకు విదేశాల నుంచి ఓడలో రావాల్సిందే.

రష్యా చమురు, చైనా ధీమా

2025లో భారత్ మీద అమెరికా వేసిన 50 శాతంలో సగం రష్యా చమురు కొన్నందుకు శిక్ష. రష్యా ముడి చమురు అందరికన్నా ఎక్కువ కొనేది చైనా. చైనా మీద అలాంటి శిక్ష పడలేదు. ఇది అన్యాయమే. అన్యాయమని చెప్పి ఊరుకుంటే కారణం మరుగున పడుతుంది.

2025 ఏప్రిల్‌లో అమెరికా చైనా సరుకుల మీద సుంకాన్ని 145 శాతానికి పెంచింది. చైనా 125 శాతంతో బదులిచ్చింది, దానితో పాటు ఏడు రకాల రేర్ ఎర్త్ ఖనిజాల ఎగుమతికి లైసెన్సు పెట్టింది. కార్ల మోటార్ల నుంచి యుద్ధ విమానాల దాకా వాడే అయస్కాంతాలకు ఇవి కావాలి, ప్రపంచంలో వీటి శుద్ధిలో దాదాపు 90 శాతం చైనాలోనే జరుగుతుంది. నెల తిరిగేసరికి జెనీవాలో రెండు దేశాలూ సుంకాలు దించుకున్నాయి. అక్టోబరు 30న బుసాన్‌లో ట్రంప్, షీ కలిసి మరో ఏడాదికి సంధి చేసుకున్నారు. ఆ లైసెన్సుల దెబ్బ మన కార్ల కంపెనీలకూ తగిలింది. అమెరికా మెడకు బిగించిన తాడు దారిలో మనకూ చుట్టుకుంది.

ఇందులో తూర్పు తీరానికి సంబంధించిన విషయం ఒకటుంది. రేర్ ఎర్త్‌లు దొరికే మోనజైట్ (తీరం ఇసుకలో ఉండే ఖనిజం) నిల్వలు దేశంలో అన్నిటికన్నా ఎక్కువ ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఇసుక మన దగ్గర ఉంది, దాన్ని అయస్కాంతంగా మార్చే ఫ్యాక్టరీల వరస వాళ్ల దగ్గర ఉంది. ఈ లోటు తీర్చడానికి కేంద్ర మంత్రివర్గం 2025 నవంబరులో 7,280 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. ఫలితం రావడానికి ఏళ్లు పడుతుంది. తీరంలో ఇసుక తవ్వితే మత్స్యకారుల బతుకు, భూగర్భ జలాల్లోకి ఉప్పునీరు చొరబడటం లాంటి ప్రశ్నలకు ముందే జవాబు చెప్పాలి. దేశ రక్షణ పేరు చెప్పి వాటిని దాటేస్తే అది తీరం వాళ్లకు చేసే అన్యాయం.

డెల్టాకు ఆనుకుని తొండంగి వైపు కట్టిన పెన్సిలిన్-జీ కర్మాగారం కూడా ఇదే ప్రయత్నంలో భాగం. ఒకప్పుడు ఈ మందు ముడిసరుకు మన దేశంలోనే తయారయ్యేది. చైనా ధరకు తట్టుకోలేక 1990ల తరవాత ఆగిపోయింది. ప్రభుత్వ ప్రోత్సాహక పథకం కింద 2024లో ఉత్పత్తి మళ్లీ మొదలైంది. ఇలాంటి కర్మాగారానికి అసలు పరీక్ష ప్రారంభోత్సవం తరవాత వస్తుంది. ఇక్కడ ఉత్పత్తి మొదలవగానే అక్కడ ధర దించితే మందుల కంపెనీలు మళ్లీ చౌక సరుకు వైపే చూస్తాయి. కొంత ఎక్కువ ధర కట్టడానికి దేశం సిద్ధపడితేనే రెండో దారి బతికి ఉంటుంది. ఆ ఎక్కువ ధర ఎవరు భరించాలన్నది విదేశాంగ శాఖ తేల్చగలిగేది కాదు, బడ్జెట్‌లో తేలాలి.

చందుర్తి పొలాల్లో జరిగిన పాత బేరం

ఎదుగుతున్న శక్తిని దగ్గరగా చూడటం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1753లో నిజాం సలాబత్ జంగ్ రాజమండ్రి, ఏలూరు, శ్రీకాకుళం, ముస్తఫానగర్ సర్కార్లను ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. ఆ ఫ్రెంచివాళ్ల పెత్తనం వదిలించుకోవాలని విజయనగరం రాజు ఆనంద గజపతి బెంగాల్‌లో ఉన్న ఇంగ్లిష్ కంపెనీని పిలిచాడు. కర్నల్ ఫోర్డ్ సైన్యంతో వచ్చాడు. 1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గరి చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడారు. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కూడా కంపెనీ చేతికి వచ్చింది. 1794లో అదే కంపెనీ పేష్కష్ (కప్పం) బకాయిల గొడవలో అదే విజయనగరం సంస్థానం మీదికి సైన్యం పంపింది. పద్మనాభం యుద్ధంలో రాజు విజయరామరాజు చనిపోయాడు. పిలుపుకీ ఆ యుద్ధానికీ మధ్య గడిచింది 36 ఏళ్లు.

నేటి భారత్ ఆనాటి సంస్థానం లాంటిది కాదు. 140 కోట్ల జనం, అణ్వాయుధాలు, సొంత మార్కెట్ ఉన్న దేశం. అయినా ఒక పెద్ద శక్తి నుంచి తప్పించుకోవడానికి ఇంకో శక్తిని పూర్తిగా నమ్ముకుంటే బేరం ఎటు తిరుగుతుందో ఆ కథలో ఉంది. ఢిల్లీ ఒకేసారి అమెరికా ఉన్న క్వాడ్‌లోనూ, చైనా, రష్యా ఉన్న షాంఘై సహకార సంస్థలోనూ, బ్రిక్స్‌లోనూ కూర్చోవడాన్ని గోడ మీద పిల్లి వాటం అని విమర్శించేవాళ్లున్నారు. ఆ విమర్శలో కొంత నిజం ఉంది, ఎందుకంటే అన్ని చోట్లా కూర్చున్నవాణ్ని కష్టంలో ఎవరూ తమవాడని అనుకోరు. 2025 సుంకాల వేళ అదే కనిపించింది. కానీ ఒకే చోట కూర్చుంటే రష్యా చమురు, అమెరికా మార్కెట్, చైనా విడిభాగాల్లో ఏదో ఒకటి వెంటనే వదులుకోవాలి. మూడింటిలో దేన్నీ ఇవాళ్టికివాళ వదులుకునే స్థితిలో దేశం లేదు.

శివారు భూమి, ఎగువ గేటు

బ్రహ్మపుత్ర విషయం డెల్టా రైతుకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. కాలువ శివారున పొలం ఉన్నవాడికి ఎగువ లాకు దగ్గర ఏం జరుగుతుందో తెలియడమే సగం వ్యవసాయం. వరద రోజుల్లో భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగుల హెచ్చరికలు విని కోనసీమ లంకల్లో పశువుల్ని గట్టెక్కిస్తారు. ఆ అంకె రాకపోతే జరిగే నష్టం నీళ్లు తెచ్చే నష్టం కన్నా ఎక్కువ ఉండొచ్చు.

టిబెట్‌లో యార్లుంగ్ సాంగ్పో (బ్రహ్మపుత్రకు అక్కడి పేరు) మీద, నది అరుణాచల్‌లోకి వచ్చే ముందు తిరిగే మలుపు దగ్గర, చైనా 2025 జులైలో భారీ జలవిద్యుత్ ప్రాజెక్టు పని మొదలుపెట్టింది. భారత్, చైనాల మధ్య నీటి పంపకం ఒప్పందం ఏదీ లేదు. ఉంటూ వచ్చింది వరద కాలం వివరాలు పంచుకునే అవగాహన మాత్రమే. 2017లో డోక్లాంలో సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డ ఏడాది ఆ వివరాలు మనకు అందలేదు. బ్రహ్మపుత్ర అవగాహన గడువు 2023లో తీరింది. 2025 ఆగస్టులో చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఢిల్లీ వచ్చినప్పుడు, అత్యవసర పరిస్థితుల్లో మానవతా దృష్టితో వివరాలు ఇస్తామన్న మాట వచ్చింది. హక్కుగా రావలసింది దయగా వస్తోంది.

గోదావరితో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. ఎగువన కట్టిన బాబ్లీ బ్యారేజీ మీద మహారాష్ట్రతో ఎంత గొడవ జరిగినా 2013లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది: జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి. ట్రిబ్యునల్ ఉంది, కోర్టు ఉంది, కేంద్రం ఉంది. దేశాల మధ్య అలాంటి కోర్టు లేదు. అంతర్జాతీయ నదుల మీద 1997లో ఐక్యరాజ్యసమితి ఒప్పందానికి చైనా వ్యతిరేకంగా ఓటేసింది, భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. మనం పాకిస్తాన్‌కు ఎగువన, చైనాకు దిగువన ఉన్నాం కాబట్టి ఆ రోజు తటస్థంగా ఉండటం తెలివైన పని అనిపించి ఉండొచ్చు. అస్సాం, అరుణాచల్ వైపు నుంచి చూస్తే దాని ఖరీదు ఇప్పుడు కనపడుతోంది.

ఇప్పుడు మారింది ఎంత

2024 అక్టోబరులో దెప్సాంగ్, దెమ్‌చోక్‌లలో గస్తీ మీద ఒప్పందం కుదిరింది. 2025లో కైలాస మానససరోవర యాత్ర మళ్లీ మొదలైంది, చైనా పర్యాటకులకు వీసాలు తెరిచారు, అక్టోబరు నుంచి నేరుగా విమానాలు నడుస్తున్నాయి. ఇవన్నీ 2020కి ముందున్న స్థితి వైపు అడుగులు. సరిహద్దులో వేల మంది సైనికులు రెండు వైపులా మోహరించే ఉన్నారు. 1988లో రాజీవ్ గాంధీ బీజింగ్ వెళ్లినప్పుడు కుదిరిన సూత్రం ఒకటుంది: సరిహద్దు తగాదాను పక్కన పెట్టి వ్యాపారం, రాకపోకలు పెంచుకుందాం. 1993, 1996 ఒప్పందాలు దాని మీదే కట్టారు. గల్వాన్ దాన్ని కూల్చింది, ఆ చోట కొత్త సూత్రం ఇంకా రాలేదు. పాకిస్తాన్‌కు చైనా ఇస్తున్న ఆయుధాలు 2025 మేలో భారత్, పాక్ ఘర్షణలో బయటపడ్డాక అది ఇంకా కష్టమైంది. తియాన్‌జిన్ కరచాలనాన్ని నొప్పి తగ్గించుకునే ఏర్పాటుగా చూడటం సరైనది. అమెరికా నుంచి దెబ్బ తగిలినప్పుడు వెనక నుంచి కూడా దెబ్బ రాకుండా చూసుకోవడం అది.

డెల్టాకు దీని ఫలితం మూడు వైపుల నుంచి రావచ్చు. చైనా కొనుగోళ్లు పెరిగితే పెద్ద ఎగుమతిదారులకు ఊపిరి ఆడుతుంది, కానీ ధర చైనా స్థాయికి దిగుతుంది. ఎక్కువ కౌలుకు చెరువు తీసుకున్నవాడికి ఆ ధరలో మిగిలేది తక్కువ. ఎరువులు, రేర్ ఎర్త్‌ల మీద చైనా పట్టు సడలినా, మళ్లీ బిగించే వీలు వాళ్ల చేతిలోనే ఉంటుంది. మూడోది బేరగాళ్ల సంఖ్య పెరగడం. 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందంలో రొయ్య మీద సుంకం ఎత్తివేసే అంశం ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ 102 భారత చేపల ఎగుమతి యూనిట్లకు కొత్తగా అనుమతి ఇచ్చింది.

ఈ మూడో దారి ఢిల్లీలో సగం, చెరువు గట్టు మీద సగం తేలుతుంది. యూరప్ 2016 నుంచి మన ఆక్వా సరుకులో సగాన్ని యాంటీబయాటిక్ అవశేషాల కోసం పరీక్షిస్తోంది. తెగులు కనపడగానే భయంతో చెరువులో పోసే మందు చుక్క రోటర్‌డామ్ రేవులో కంటైనర్‌ను వెనక్కి తిప్పగలదు. ఆ టెన్షన్‌లో ఉన్న రైతుకు ఊళ్లోనే నమ్మకమైన ల్యాబ్, పంట పోతే ఆదుకునే బీమా, మేత అప్పుకు బదులు బ్యాంకు అప్పు దొరికితేనే అతను ఆ సీసా ముట్టకుండా ఉండగలడు. చైనా, అమెరికాలతో బేరంలో భారత్‌కు ఎంత వెసులుబాటు దొరుకుతుందన్నది ఇలాంటి ల్యాబులు ఆకివీడు, ఉండి మండలాల్లో ఎన్ని ఈ ఏడాది తెరుచుకుంటాయన్నదాని మీద కూడా ఆధారపడి ఉంది.